శేషయ్య అంగట్లో ఐదో పూత

ఆరోజు సుందరరాజు వేసుకున్న లెక్క చాలా చిన్నది. నంద్యాలలో ఆరు గంటల బస్సు ఎక్కితే ఏడున్నరకు ఆళ్లగడ్డ. శేషయ్య కొత్త బట్టలంగట్లో నేలకు నాలుగో పూత వేసి, అది ఆరేలోగా రెండిడ్లీలు తిని, పదకొండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. భోజనానికి ఇంట్లో ఉంటానని భార్య హన్నమ్మతో చెప్పి మరీ బయలుదేరాడు. లెక్కలో పొరపాటు ఏమీ లేదు. పొరపాటంతా డబ్బాలో మిగిలిన పాలిష్‌లో ఉంది.

సుందరరాజుకు నంద్యాలలో మేకులు, సున్నం, రంగులు అమ్మే అంగడి ఉంది. ఇరవై ఏళ్లుగా అమ్మినవన్నీ గోడల్లోకి, తలుపుల్లోకి పోయి కనబడకుండా అయ్యేవే. తాను అమ్మిన సరుకు నలుగురి కళ్లెదుట ఉండి, ఇది సుందరరాజు ఇచ్చిందని చెప్పుకునే రోజు రావాలని అతని కోరిక. పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో ఆ అవకాశం వచ్చింది. నేల పాలిష్ తయారుచేసే మద్రాసు కంపెనీ ఒకటి జిల్లాకంతా ఒక ఏజెంటును వెతుకుతోంది. షరతు ఒక్కటే. జనం బాగా తిరిగే చోట ఒక నేలకు పాలిష్ వేసి చూపాలి. నెల తర్వాత కంపెనీ మనిషి వచ్చి చూస్తాడు. అంతమంది తొక్కినా పూత చెదరకుండా ఉంటే ఏజెన్సీ అతనిది. చెదిరితే కర్నూలులో కాచుకుని కూర్చున్న ఇంకొకాయనది.

అదే సమయానికి ఆళ్లగడ్డలో శేషయ్య పాత అంగడి పడగొట్టి కొత్తది కట్టించాడు. అందరిలా కొలిమిగుండ్ల నాపబండలు పరిపించకుండా, మద్రాసు నుంచి ప్లాస్టిక్ బండలు తెప్పించాడు. కాలు పెడితే మెత్తగా, చల్లగా ఉండే సరుకు అది. అవుకు ఊరి దాకా తన అంగడి పేరు చెప్పుకోవాలని ఆయన ఆశ. పైన ఎర్ర డబ్బాలో వచ్చే మైనం పాలిష్ రుద్దిస్తే అద్దంలా మెరుస్తుందని ఎవరో ఆయనకు చెప్పారు. సుందరరాజు అడ్డుపడ్డాడు.

"ఆ మైనంలో కిరసనాయిలు కలిసుంటాదన్నా. దానికి ఈ బండలు మెత్తబడతాయి. వీధిలో దుమ్మంతా దానికే అంటుకుంటాది. నాది నీళ్ల పాలిష్. పల్చగా నాలుగు పూతలు ఎయ్యాల. ఒకటి ఆరినాకే ఇంకొకటి. ఆరితే గోరు గూడా దిగదు."

శేషయ్య ఒప్పుకున్నాడు. పూత వేసిన రోజంతా నీళ్లు తగలకూడదనీ, గుమ్మంలో కొబ్బరిపీచు పట్టా వేయాలనీ, రోజూ ఊడ్చి, కాస్త సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవాలనీ, వారానికోసారి పొడిగుడ్డతో రుద్దాలనీ, ఏడాదికోసారి పాతది తీసేసి కొత్తది వేయాలనీ సుందరరాజు వేళ్లు మడిచి చెప్పాడు. ముందు రోజు మూడు పూతలు వేశాడు. ఆరోజు ఉదయం నాలుగోది వేశాడు. నేల శుభ్రంగా, నిండుగా, నిదానంగా మెరిసింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

డబ్బాలో అడుగున ఇంకో పూతకు సరిపడా మిగిలింది. మూత తీసిన సరుకు నిలవ ఉండదు. వెనక్కి తీసుకుపోతే దండుగ. వేస్తే మెరుపు. లాభనష్టాలు బేరీజు వేసి సుందరరాజు ఐదో పూత కూడా వేశాడు. అది ఆరాక చూస్తే పైన తిరిగే ఫ్యాను రెక్కలు కింద నేలలో తిరుగుతున్నాయి. గోడకున్న పటాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. శేషయ్య వంగి నేలలో చూసుకుని మీసం సరిచేసుకున్నాడు. సుందరరాజు ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది.

మర్నాడు అంగడి తెరిచారు. మొదట వచ్చిన రైతు గడపలో నిలబడి నేలను చూశాడు. తర్వాత తన కాళ్లను చూసుకున్నాడు. చెప్పులు విడిచి, కాళ్లకు నీళ్లు కావాలని అడిగాడు. తన అంగడికి ఇంత మర్యాద దక్కినందుకు శేషయ్య మురిసిపోయి గుమ్మం పక్కన పెద్ద కాగు, చెంబు పెట్టించాడు. ఆరోజు వచ్చినవాళ్లంతా గుడికి వచ్చినట్టు కాళ్లు కడుక్కుని, తడి పాదాలతోనే లోపలికి నడిచారు. పైకి ఆరినా, ఐదో పూతతో మందమై లోపల ఇంకా పచ్చిగా ఉన్న పాలిష్ మీద పాలు ఒలికినట్టు తెల్లమచ్చలు తేలాయి.

కబురు అందుకుని సుందరరాజు పరుగెత్తుకొచ్చాడు. ఆరితే అవే పోతాయని ధైర్యం చెప్పి, ముందు ఆ కాగు తీసేయించాడు. మచ్చలు రెండు రోజుల్లో పోయాయి. వాటితో పాటు జనం కూడా పోయారు. కాళ్లు కడుక్కుని లోపలికి పోవాలని ఊరంతా అప్పటికే తెలిసిపోయింది. కడుక్కోవడానికి నీళ్లు లేవు. మట్టికాళ్లతో అద్దం మీద నడిచేంత మర్యాద లేనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఒక్కొక్కరే వచ్చి గడప బయటే నిలబడి, ఆ నీలిగళ్ల లుంగీ ఇట్లా తీసుకురమ్మని గుమాస్తాలను పిలవడం మొదలుపెట్టారు.

నాలుగో వారం సోమవారం సుందరరాజు వచ్చి చూసేసరికి అంగడి మొత్తం అరుగు మీద ఉంది. తానులు, చీరలు, కొలిచే గజంబద్ద, శేషయ్య, అన్నీ అరుగు మీదే. లోపల ఫ్యాను తన నీడను తాను చూసుకుంటూ తిరుగుతోంది. వాన పడితే అరుగు కూడా ఖాళీ. ఎదురుగా ఉన్న బట్టలంగడివాడు మాత్రం ఇంకో గుమాస్తాను పెట్టుకున్నాడు.

"నేలను కాపాడతాదంటివి," అన్నాడు శేషయ్య. "జనం నుంచి కాపాడతాదని చెప్పల్యా."

వచ్చే సోమవారానికి తాపీపనివాళ్లను మాట్లాడాననీ, ఈ బండలు పెకలించి నాపబండలు వేయిస్తాననీ కూడా ఆయన చెప్పాడు. ఈ శనివారమే కంపెనీ మనిషి వస్తున్నాడు. సుందరరాజు అరుగు మీదే కూర్చుని లెక్క కట్టాడు. ఒక మనిషి లోపలికి వచ్చి పోతే నలభై అడుగులు. రోజుకు వందమంది. నెలకు లక్షా ఇరవై వేల అడుగులు పడి ఉండాల్సిన నేల అది. మొదటి రోజు తడి అడుగులు తీసేస్తే, పడినవి గుమాస్తాలవి, ఒక పిల్లివి. పూత మీద గీత లేదు. గీత పడే పని జరిగితేగదా. ఎవరూ తొక్కని నేలను చూపించి గట్టిదని చెప్తే కంపెనీ మనిషి నవ్విపోతాడు. నెలరోజుల అడుగులు నాలుగు రోజుల్లో పడాలి.

మొదట ఇంటి మనుషులను నమ్ముకున్నాడు. తమ చర్చి స్త్రీల సమాజం వాళ్లను చీరలు చూసే నెపంతో ఆళ్లగడ్డకు తీసుకురమ్మని హన్నమ్మను బతిమాలాడు. చెప్పులతో నడవాలని, అటూ ఇటూ తిరగాలని, నాలుగుసార్లు చెప్పాడు. మంగళవారం పద్నాలుగు మంది బస్సు దిగారు. ముందు నడిచే కృపమ్మ సమాజానికి పెద్ద. ఆమె గడప దాకా వచ్చి, లోపల తెల్లగోడలు, మెరిసే నేల చూసి, చెప్పులు విడిచింది. వెనక పదమూడు మందీ విడిచారు. చర్చిలో కూర్చునే అలవాటుకు నాలుగు వరుసల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బాగా చల్లగా ఉందని ఒకరితో ఒకరు మెల్లగా చెప్పుకున్నారు.

సుందరరాజు హన్నమ్మను పక్కకు పిలిచి, నడవమన్నానే అని గొణిగాడు.

"మీరు ఏసినంక అట్లుండాది మరి," అంది హన్నమ్మ. "దీని మీద చెప్పులేసుకుని నడిస్తే రేపు కృపమ్మక్క మొగం ఎట్ల చూడాల?"

బయట చెప్పుల వరుస, లోపల తెల్లచీరల వరుసలు చూసిన ఊరివాళ్లు ప్రార్థన జరుగుతోందనుకున్నారు. చీరల కోసం వచ్చిన ఇద్దరు రైతులు తలగుడ్డలు తీసి కాసేపు నిలబడి, అయిపోయాక వద్దామని వెళ్లిపోయారు. అరుగు మీద బేరమాడుతున్నవాళ్లు గొంతు తగ్గించి, తర్వాత బేరమే మానుకున్నారు. ఆరోజు రెండు జేబురుమాళ్లు అమ్ముడుపోయాయి. అవి కృపమ్మ మొహమాటానికి కొన్నవి.

బుధవారం సుందరరాజు తన అంగట్లో రంగు, తన కుంచె తెచ్చి, పెద్ద అక్షరాలతో ఒక పలక రాసి గుమ్మానికి కొట్టాడు. 'చెప్పులతోనే లోపలికి రావలెను.' ఇంతకంటే విడమరిచి చెప్పడం ఎవరి తరమూ కాదని అతనికి నమ్మకం కలిగింది. అయితే లెక్కలో ఒక సంగతి మరిచాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో సగం మందికి చెప్పులు తొడిగే అలవాటే లేదు.

గురువారం మద్దిలేటి వచ్చాడు. ముప్పై ఎకరాల రైతు. కొడుకు పెళ్లికి ఇంటిల్లిపాదికీ, పాలివాళ్లకూ బట్టలు తీయాలని వచ్చాడు. పుట్టినప్పటి నుంచి ఆయన పాదానికి తోలు తగల్లేదు. పలక ముందు నిలబడి ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాడు. మళ్లీ చదివాడు.

"శేషయ్యా, మీ నాయన కాలం నుంచి ఈ కాళ్లతోనే మీ అంగడికి వస్తాండా," అన్నాడు. "ఇప్పుడు చెప్పులు ల్యాకపోతే మనిషి కిందికి రానా?"

"అట్ల కాదన్నా. అది నేల కోసం రాసింది," అన్నాడు శేషయ్య.

"నా కాళ్లకంటే నేల ఎక్కువైందా నీకు."

శేషయ్య ఏదో చెప్పబోయేలోగా మద్దిలేటి వెనుదిరిగాడు. పోతూ పోతూ ఎదురంగడి వైపు ఒకసారి చూసి, దాంట్లోకి కూడా పోలేదు. కోపం కొనుగోలు కంటే పెద్దదై ఉండాలి.

శుక్రవారం రాత్రంతా వాన కురిసింది. శనివారం ఉదయం సుందరరాజు కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని ఆళ్లగడ్డలో బస్సు దిగాడు. ఆయన పేరు సుబ్బరాయుడు. చేతిలో తోలు సంచి, ముక్కు మీద కళ్లద్దాలు, మాట తక్కువ. అంగడి ముందు జనం గుంపు చూసి సుందరరాజు నడక తగ్గించాడు. ముందు కాఫీ తాగుదామన్నాడు. సుబ్బరాయుడు కాఫీ తాగనన్నాడు. టీ అన్నాడు. అదీ తాగనన్నాడు.

మద్దిలేటి నలభై మందితో వచ్చాడు. నేరుగా చేలల్లో నుంచి వచ్చారు. ఒక్కరికీ చెప్పులు లేవు. మోకాళ్ల దాకా నల్లరేగడి బురద. కొందరి చేతుల్లో ముల్లుగర్రలు. శేషయ్య అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల ఆ నలభై మందీ ఒకరి వెనక ఒకరు, బండ విడిచి బండ కాకుండా ప్రతి బండా తొక్కుతూ, గోడ నుంచి గోడకు నడుస్తున్నారు. ముల్లుగర్రల ఇనుప మొనలు టకటకమంటున్నాయి. నేల ఉందో లేదో తెలియడం లేదు. రేగడి చేను ఒకటి అంగట్లోకి నడిచి వచ్చినట్టుంది.

"ఒక్క బండ గూడా మిగలగూడదురా," అంటున్నాడు మద్దిలేటి. "మా కాళ్లు ఏందో తెలియాల దీనికి."

ఇది పొద్దుటి నుంచీ జరుగుతోందని శేషయ్య నీరసంగా చెప్పాడు. సుబ్బరాయుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పరీక్ష చేయాల్సిన నేల ఇదేనా అని అడిగాడు. ఇదేనని సుందరరాజు ఒప్పుకున్నాడు. కాదని చెప్పే వీలు అతనికి కనబడలేదు. ఇరవై ఏళ్ల వ్యాపారంలో సరుకును ఎప్పుడూ నోటితో అమ్మాడు. ఇప్పుడు చేత్తో అమ్మాల్సి వచ్చింది. భుజం మీద తువ్వాలు తీసి, పక్క హోటలు బకెట్టులో ముంచి పిండి, ఆ నలభై మంది మధ్యలో గొంతుక్కూర్చుని ఒక జానెడు మేర తుడిచాడు.

బురద కింద ఫ్యాను రెక్క కనిపించింది.

ఇంకో జానెడు తుడిచాడు. ఇంకొకటి. గుమ్మం నుంచి లోపలి దాకా ఒక బారు తుడిచాడు. గీత లేదు, మరక లేదు. సుబ్బరాయుడు మోకాళ్ల మీద కూర్చుని, గోటితో గీకి, సంచిలో నుంచి భూతద్దం తీసి చూశాడు. ముల్లుగర్ర మొన తగిలిన చోట వెతికాడు. ఇంకా ఎంతసేపు నడుస్తారని మద్దిలేటిని మర్యాదగా అడిగాడు.

నడక అప్పటికే ఆగిపోయింది. తుడిచిన బారు దగ్గరికి రాగానే మొదటివాడు కాలు ఎత్తి, మళ్లీ దించకుండా పక్కకు జరిగాడు. వెనకవాడూ అంతే. నలభై మందీ దాన్ని చుట్టి పోతున్నారు.

"తొక్కండప్పా," అన్నాడు సుందరరాజు. "దయచేసి తొక్కండి."

"యాడ తొక్కేది?" అన్నాడు మద్దిలేటి, కోపం కాస్త తగ్గి. "ఇట్లా మెరుస్తాంటే మనసొస్తాదా?"

ఆ మాటతో శేషయ్యకు వ్యాపారి ప్రాణం లేచొచ్చింది. పలకను ఊడబీకి గోడ వెనక పడేశాడు. ఎప్పటిలాగే వచ్చిన కాళ్లతోనే రమ్మని, ఈ నేల నేలే కాని దేవుడు కాదని మద్దిలేటి చెయ్యి పట్టుకుని చెప్పాడు. సోడాలు తెప్పించాడు. నడిచి నడిచి అలసిన నలభై మంది బురద మీదే చతికిలబడి సోడాలు తాగుతూ, కూర్చున్నాం గదా అని పంచెలు చూడటం మొదలుపెట్టారు. మద్దిలేటి పెళ్లిబట్టలన్నీ ఆ పూటే తీశాడు. సాయంత్రానికి గుమాస్తాలు పీచు పట్టా దులిపి, సబ్బునీళ్ల గుడ్డతో నేలంతా తుడిస్తే ఐదు పూతలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. సోమవారం రావాల్సిన తాపీపనివాళ్లకు శేషయ్య వద్దని కబురు పంపాడు. ఆ తర్వాత ఆ అంగట్లో ఎవరూ చెప్పులు విడవలేదు. లేనివాళ్లు కాళ్లకు నీళ్లు అడగనూ లేదు.

సుబ్బరాయుడు అక్కడే అరుగు మీద కాగితాలు నింపి ఏజెన్సీ సుందరరాజు పేర రాసిచ్చాడు. ఎన్ని పూతలు వేయాలి అన్న చోట ఐదు అని రాస్తుంటే, నాలుగు చాలని సుందరరాజు దిద్దించాడు.

పది రోజులకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. పరీక్ష ఫలితం చూసి పెద్దలు చాలా సంతోషించారనీ, మిగతా జిల్లాల్లో కూడా ఇదే పద్ధతి పాటించాలని నిర్ణయించారనీ, కావున కోపం వచ్చిన రైతులు నలభై మంది ఎక్కడ దొరుకుతారో వెంటనే తెలియజేయవలసిందనీ అందులో ఉంది.