గుమ్మం వైపు తిరిగిన బూట్లు

ఆ ఉదయం రత్నమణి అనుకున్న పని చాలా చిన్నది. ఎండ ముదరకముందే బేకరీ ముందు వరసలో నిలబడి ఆరు ఖుబ్జ్ రొట్టెలు తెచ్చుకోవాలి, వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాలి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి అది మూడో వారం. వాళ్ళుండే అబూ హలీఫాలో ఆరు రొట్టెలు దొరికిన ఇల్లే గొప్పింటి కింద లెక్క. చెప్పులు వేసుకుందామని గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇంటి యజమాని బూట్లూ, ఆయన భార్య చెప్పులూ, పక్కనే తన రబ్బరు చెప్పులూ తలుపు వైపు తిరిగి ఉన్నాయి. నిన్న ఊడ్చినప్పుడు వాటిని తనే చక్కగా లోపలి వైపు తిప్పి సర్దింది. రోజూ ఇదే వరస, సర్దడం ఆమె, తిప్పడం ఎవరో.

నరసాపురం నుంచి వచ్చిన రత్నమణి ఈ జపాను వాళ్ళింట్లో పనికి చేరి నెల అయింది, అందులో మామూలు రోజులు పదే. సార్ పేరు నిషిమురా, నూనె కంపెనీలో ఇంజనీరు. ఆయన భార్యను, అక్కడి పనివాళ్ళు ఇంటావిడను పిలిచేట్టే, మామా అనేది. చెడ్డవాళ్ళని అనడానికి లేదు, గొంతు పెంచరు, వంక పెట్టరు. అనుమానం వచ్చిందీ అక్కడే. పైగా ఒళ్ళంతా సబ్బుతో రుద్దుకుని, శుభ్రంగా కడుక్కుని, అప్పుడు వెళ్ళి వేడినీళ్ళ తొట్టిలో కూర్చునేవాళ్ళు. సార్ కూర్చుని లేచిన నీళ్ళలోనే మామా కూర్చునేది. ఆ నీళ్ళు పారబోయకుండా మూత కూడా పెట్టేవాళ్ళు. మరి ఇలాంటివాళ్ళ మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు?

రత్నమణి పాస్‌పోర్టు సార్ బీరువాలో ఉంది. ఇఖామా, అదే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, మార్పించడానికని ఇచ్చింది. ఊళ్ళో మనవాళ్ళంతా బస్సులెక్కి జోర్డాను వైపు పోతున్నారు, పాస్‌పోర్టు లేనిదే ఎవరినీ సరిహద్దు దాటనివ్వడం లేదు. ఆమె రోజూ ఆ బీరువా వైపు ఒకసారి చూసుకునేది. సార్ సంగతి ఇంకోటి. జపాను వాళ్ళనూ తెల్లవాళ్ళనూ సైనికులు వెతికి పట్టుకుపోతున్నారని తెలిసినప్పటి నుంచి ఆయన ఇల్లు కదలడం మానేశాడు. ఇల్లు కదలని మనిషి బూట్లు తలుపు వైపు ఎందుకు చూస్తున్నట్టు?

బేకరీ వరసలో ఈ మాటే హమీదా బీకి చెప్పింది. హమీదా బీది రాయచోటి, అదే భవనంలో కింది అంతస్తులో పనిచేస్తుంది.

"ఇంగేముంది మే," అంది హమీదా బీ. "పొయ్యే మనిషే బూట్లు అట్లా పెట్టుకుంటాడు, కాళ్ళు దూర్చి ఉరికేదానికి. నిన్ను ఇడ్సిపెట్టి పోతాండారు."

"నా చెప్పులు కూడా తిప్పేశారక్కా."

హమీదా బీ వరసలో ఒక అడుగు ముందుకు జరిగింది. "అట్లయితే ముందు నిన్ను పంపిస్తాండారు."

రొట్టెలతో ఇంటికి వచ్చేసరికి మామా నేల మీద కూర్చుని చదరపు గుడ్డల్లో ఏవో పెట్టి మూటలు కడుతోంది. రత్నమణిని చూసి నవ్వి, కర్టెన్ లాగేసింది. ఈలోపే రత్నమణి లెక్కపెట్టింది, మూడు మూటలు. ఇద్దరు మనుషులకు మూడు మూటలంటే ఇల్లంతా ఊడ్చుకుపోతున్నారన్నమాట. మధ్యాహ్నం దుమ్ము దులిపే వంకతో బీరువా సొరుగు లాగి చూసింది. పాస్‌పోర్టు లేదు.

ఇక ఆమె ఊరుకోలేదు. సార్ బూట్లూ, మామా చెప్పులూ తీసుకెళ్ళి వంటింట్లో ఖాళీగా ఉన్న పెద్ద పిండి డబ్బాలో వేసి మూతపెట్టింది. బూట్లు లేకుండా ఎలా పోతారో చూద్దామనుకుంది.

మర్నాడు సార్ గుమ్మం దగ్గర ఖాళీ జాగా చూశాడు. తరువాత రత్నమణిని చూశాడు. గుడ్ మార్నింగ్ అని లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి మామా అలమరలోంచి ఇంకో రెండు జతలు తెచ్చి తలుపు వైపు తిప్పి పెట్టింది. అవీ డబ్బాలోకి వెళ్ళాయి. మూడో రోజుకి గుమ్మం దగ్గర రత్నమణి రబ్బరు చెప్పులు తప్ప ఏమీ లేవు. అయినా ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పి అడగలేదు. తప్పు చేసినవాళ్ళే ఇలా నోరు మెదపరు అనుకుంది రత్నమణి. బూట్లు తీసింది ఎవరన్న సంగతి ఆమెకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

నాలుగో రోజు ఆమె రొట్టెలు తెచ్చి చెప్పులు విప్పిందో లేదో, కింద మిలటరీ లారీ ఆగింది. సార్, మామా మూటలు పట్టుకుని వెనక మెట్ల వైపు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నిలిచిపోయారు. ప్రాణం మీదికి వచ్చినా ఉత్త సాక్సులతో గడప దాటడం వాళ్ళ వల్ల కాలేదు. సార్ ఒక కాలు బయట పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. రత్నమణి అడ్డంగా నిలబడింది.

"నా పాస్‌పోర్టు ఇచ్చి కదలండి సార్," అంది.

అప్పటికే మెట్ల మీద బరువైన అడుగులు వినిపిస్తున్నాయి. రత్నమణి ఆ ఇద్దరి మొహాలూ చూసింది. పోట్లాట తరువాత చూసుకోవచ్చని, మూటలతో సహా వాళ్ళను స్నానాల గదిలోకి తోసి తలుపు వేసింది.

వచ్చింది ఇద్దరు సైనికులు. పెద్దవాడు గదుల వైపు చూడలేదు, నేరుగా గుమ్మం దగ్గర నేల వైపు చూశాడు. ఈ జాతివాళ్ళు జోళ్ళు ఎక్కడ విప్పుతారో ఎవరో చెప్పి పంపినట్టున్నారు. అక్కడ ఉన్నది ఒక్క రబ్బరు చెప్పుల జత.

"జపానీ ఎక్కడ?" అన్నాడు అరబ్బీలో.

"బాబా మఫీ, మామా మఫీ, ఖలాస్," అంది రత్నమణి, సారూ లేడు మామా లేదు, అంతా అయిపోయిందన్నట్టు. "నన్నొదిలేసి పోయారయ్యా, నా పాస్‌పోర్టు కూడా పట్టుకుపోయారు." సగం అరబ్బీ, సగం తెలుగు. కన్నీళ్ళు మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. నాలుగు రోజులుగా కూడబెట్టుకున్న అనుమానమంతా ఏడుపై బయటికి వచ్చింది. అంత నిజమైన ఏడుపును ఏ సైనికుడు మాత్రం నమ్మడు?

రెండోవాడు ఆకలి మీద ఉన్నాడు. వంటింట్లోకి వెళ్ళి పిండి డబ్బా మూత మీద చెయ్యి వేశాడు. రత్నమణి ఆరు రొట్టెలూ తీసి అతని చేతిలో పెట్టింది. అతను మూత సంగతి మరచిపోయాడు. వాళ్ళు దిగి వెళ్ళాక కిటికీలోంచి చూస్తే, వెనక మెట్ల కింద కాపలా కాస్తున్న ఇంకో ఇద్దరు లేచి లారీ ఎక్కుతున్నారు.

సార్ స్నానాల గదిలోంచి వచ్చి కిటికీలోంచి ఆ కాపలావాళ్ళను చూశాడు, ఆమె మూత తీసిన డబ్బాలో బూట్లను చూశాడు. భార్యాభర్తలు మొహమొహాలు చూసుకుని, నడుము విరిగేలా వంగి ఆమెకు దణ్ణం పెట్టారు. నాలుగు రోజుల ముందే ఇదంతా ఊహించి బూట్లు దాచిందనుకున్నారు పాపం. ఇంత వంగుతున్నారంటే ఇందులో ఏదో ఉందని రత్నమణి ఒక అడుగు వెనక్కి వేసింది.

మామా మూడో మూట విప్పింది. అందులో టార్చిలైటు, బిస్కెట్లు, నీళ్ళ సీసా, కొత్త కాన్వాసు బూట్లు, వాటి మీద రత్నమణి పాస్‌పోర్టు.

"త్రీ పీపుల్, త్రీ బ్యాగ్," అంది మామా.

వాళ్ళ దేశంలో భూకంపాల భయానికి ఇలాంటి మూట ఇంటింటా సిద్ధంగా ఉంటుందట. బూట్లు తలుపు వైపు తిప్పడం మాత్రం రోజూ ఉండే అలవాటేనట, బయలుదేరే మనిషి ఇబ్బంది పడకూడదని. రబ్బరు చెప్పులతో ఎడారి దాటలేదని, ఆమె చెప్పులతో కొలత చూసి తన కొత్త జత పెట్టింది మామా. రత్నమణి అసలు సంగతి చెబుదామని నోరు తెరిచింది. వాళ్ళు మళ్ళీ వంగారు. మూసేసుకుంది.

కొత్త బూట్లను గుమ్మం దగ్గర లోపలి వైపు తిప్పి సర్ది, పప్పు చూడటానికి వెళ్ళింది. వచ్చేసరికి అవి తలుపు వైపు చూస్తున్నాయి. ఈసారి వాటి జోలికి పోలేదు.

పాస్‌పోర్టును మాత్రం, ఎందుకైనా మంచిదని, పిండి డబ్బాలో దాచుకుంది.