నాలుగు తరాల గొంగళి

మేఘవర్ష్ సొల్యూషన్స్ వారు తమ కార్యాలయంలో గ్రామీణ జీవితాన్ని ప్రవేశపెట్టాలని నిర్ణయించారు. రిసెప్షన్‌లో ఎడమ గోడ ఖాళీగా ఉండడంతో పల్లెకు ఆ స్థలం కేటాయించారు. కుడి గోడ అంతకుముందే యోగాకు పోయింది.

చిత్రకారుడి కోసం ఊళ్ళు తిరగనక్కర లేకపోయింది. పక్కనే పుప్పాలగూడలో మహేందర్ దొరికాడు. అతని తండ్రి కొమురయ్య ఒకప్పుడు ఏ గుట్ట మీద గొర్రెలు మేపాడో, ఆ గుట్టనే పేల్చి చదును చేసి మేఘవర్ష్ వారు భవనం కట్టుకున్నారు. కనుక సంస్థకూ ఆ కుటుంబానికీ పాత పరిచయమే అనుకోవచ్చు. మహేందర్ బొమ్మల్లో నేలంతా తాతలు కప్పుకున్న గొంగడే. దాని మడతలు గుట్టలు, చిరుగులు కుంటలు. ఆ నల్లటి ఉన్ని మీద గొర్రెలు మేస్తుంటాయి, అంచున ఒక క్రేన్ నిలబడి ఉంటుంది. క్రేన్ వల్ల ప్రశాంతత దెబ్బతింటోందని సంస్థ వారు మర్యాదగా సూచించారు. మహేందర్ అంతే మర్యాదగా దాన్ని చెరిపేశాడు.

బొమ్మ పక్కన అసలు గొంగడిని కూడా పీట మీద పెడితే వారసత్వం ఉట్టిపడుతుందని సంస్కృతి విభాగాధిపతి బాలాత్రిపురసుందరి గారు సెలవిచ్చారు. ఇంట్లో అడిగితే కొమురయ్య ఒక పట్టాన ఒప్పుకోలేదు. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో ఎవరి పెళ్ళయినా ఆ గొంగడి మీద కూర్చోబెట్టే చేస్తున్నారు. మహేందర్ చెల్లెలు ప్రవళిక పెళ్ళి దగ్గర పడింది.

"తీస్కపో బిడ్డా. పెండ్లినాటికి మాత్రం ఇంట్ల ఉండాలె. అది లేకుంటె పిల్లను దేని మీద కూసోవెట్టాలె?" అన్నాడు చివరికి. మహేందర్ తండ్రి చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

బాలాత్రిపురసుందరి గారిది కాకినాడ వైపు. అటువాళ్ళ నోట గొంగడి అంటే గొంగళి. ఆవిడ అలవాటు కొద్దీ, ఒకే కుటుంబం నాలుగు తరాలుగా కాపాడుకొస్తున్న గొంగళి అని కంప్యూటర్‌కు చెప్పారు. కంప్యూటర్‌కు తెలిసిన గొంగళి పురుగు ఒక్కటే. అది క్షణంలో ఇంగ్లీషు చేసి ఫలకం చెక్కేవాళ్ళకు పంపేసింది. ఆవిష్కరణ నాడు తెర తొలగగానే ఇత్తడి రేకు మీద 'క్యాటర్‌పిల్లర్' అన్న మాట ధగధగలాడింది.

అందరూ చదివారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అనుమానించే దురలవాటు ఆ భవనంలో ఎవరికీ లేదు. నల్లగా, బొచ్చుతో, ముడుచుకుని పడి ఉన్న దాన్ని చూసి, నాలుగు తరాలు మేపితే ఆ మాత్రం పెరగదా అని సమాధానపడ్డారు. సంస్థ అధినేత అవినాష్ గారు అప్పటికప్పుడు చలించిపోయి మైకు అందుకున్నారు.

"ఫ్రెండ్స్, ఒక క్యాటర్‌పిల్లర్ నాలుగు తరాలు ఓపిగ్గా వెయిట్ చేసింది. మనం ఇంక్రిమెంట్ కోసం ఇంకో ఏడాది ఆగలేమా? మహేందర్ గారూ, సీతాకోకచిలుక ఎప్పుడొస్తుందండీ? పై అంతస్తులో గోడ మీకోసమే ఉంచాం."

గొంగడి అన్న మాట మహేందర్ నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనున్న బాలాత్రిపురసుందరి గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పుడేమీ అనకండి, సోమవారానికల్లా ఫలకం మార్పించేస్తానండి అని ఆవిడ గొణిగారు. మహేందర్‌కు ఆవిడ మీద జాలేసింది. పై అంతస్తు గోడ మీద అంతకన్నా ఎక్కువ ప్రేమ పుట్టింది.

"జల్దే వస్తది సార్," అన్నాడు. చప్పట్లు మారుమోగాయి.

సోమవారం దాకా ఆగడానికి నియమాలు ఒప్పుకోలేదు. పురుగు అని ఇత్తడి సాక్షిగా రుజువైన దాన్ని ఫుడ్ కోర్టు సమీపంలో ఉంచరాదని భవన నిర్వహణ విభాగం గుర్తించింది. శనివారం మనుషులు వచ్చి దానికి మందు కొట్టి, సంచిలో కట్టి, పట్టుకెళ్ళి కాల్చేశారు. సేవ ఎలా ఉందో తెలుపగోరుతూ మహేందర్‌కు సందేశం కూడా పంపారు. అతను పరుగున వచ్చేసరికి పీట మీద మందు వాసన తప్ప ఏమీ లేదు. అక్కడే కూలబడి ఏడ్చాడు. పెంచుకున్న జీవి పోతే ఆ బాధ తమకూ తెలుసని రిసెప్షన్ వాళ్ళు మంచినీళ్ళిచ్చి ఓదార్చారు. సంస్థ సంతాపం ప్రకటించి, పెళ్ళి కానుకగా తమ గుర్తు అచ్చువేసిన నీలం దుప్పటి ఒకటి పంపింది.

లింగంపల్లి ఫంక్షన్ హాలులో పెళ్ళి. ముహూర్తం దగ్గర పడగానే కొమురయ్య గొంగడేదని అడిగాడు. అప్పటిదాకా ఏదో ఒక సాకు చెబుతూ వచ్చిన మహేందర్ తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. ముసలాయన తిట్టలేదు, కొట్టలేదు. కొడుకు ముఖం చూసి చూసి, చూపు తిప్పుకున్నాడు. ఆలస్యమైపోతోందని చుట్టాలే ఆ నీలం దుప్పటి పరిచి వధూవరులను కూర్చోబెట్టారు.

కొమురయ్య వంగి దాని మీద అరచేయి వేసి రాశాడు.

"గొంగడంటె కూసున్నోళ్ళకు గుచ్చాలె. గిది ఎవ్వలకన్న గుచ్చుతున్నదా?" అని అడిగాడు.

పెళ్ళికొచ్చిన పెద్దలు ఒక్కొక్కరే వంగి తడిమి చూశారు. చాలా మెత్తగా ఉందనీ, ఎవరికీ ఏమీ గుచ్చుకోవడం లేదనీ ఏకగ్రీవంగా తేల్చారు. పై అంతస్తులో సీతాకోకచిలుకకు సగం రెక్క గీసి వచ్చిన మహేందర్ కూడా వంగి, చెయ్యి పెట్టి చూసి, లేదన్నాడు.