అరవై దినాల అప్పు, గడియారాల బాలస్వామి

"జహంగీరూ! నేరం పాతాళంల దాక్కున్నా ఈ కన్ను తప్పించుకోలేదు!" అన్నడు బాలస్వామి, గడియారాలు చూసే భూతద్దం కంటికి బిగించుకొని. గద్వాలల గడియారాలు బాగుచేసుడు వాని పని. డిటెక్టివుననుకునుడు వాని రోగం. నాకు దోస్తు అయ్యుడు నా నసీబు.

నేను వకీళ్లు అనంతయ్య సారు, నిజాముద్దీన్ సాబు కాడ మున్షీని. ఇద్దరిది ఒక్కటే దఫ్తరు. కక్షిదార్లంత రైతులు, పల్లికాయ అమ్మితెనే ఫీజు ఇస్తరు. దఫ్తరు కిరాయి, స్టాంపు కాయిదాలు, నా జీతం అప్పటిదాంక ఆగుతయా? అందుకే దఫ్తరు పేరు మీద సావుకారి శాంతయ్య కాడ అరవై దినాల గడువుకు మూడు నూర్లు తెచ్చిండ్రు. గడువు తప్పితె కానూను పుస్తకాల అల్మారా శాంతయ్యది. పుస్తకాలు లేని వకీలంటె కత్తెర లేని దర్జీ. ఆ గడువు ఇయ్యాల్నే. భూమి దావా గెలిచిన మల్దకల్ రేణుకమ్మ ఫీజు తెస్తదని చూస్తున్నం. ఆమె జాడ లేదు.

"ఖూనీ జరుగుతది!" అన్నడు బాలస్వామి గుసగుసగ. "మీ కిటికీ కాడ విన్న. 'సాయంత్రం లోపల శాంతయ్యను ఖతం చెయ్యాలె' అన్నడు మీ అనంతయ్య."

"శాంతయ్య బాకీని ఖతం చెయ్యాలె అన్నడురా!"

"నాకు సగం మాటే వినవడ్డది. డిటెక్టివుకు సగం చాలు."

మేకవెంట్రుకల గడ్డం అంటించుకొని దఫ్తరు ఎదురుంగ గోడ చాటున కూసున్నడు.

పగటీలికి, ఎండ నడినెత్తికొచ్చినంక, ఎవరో తలుపు కొట్టిండ్రు. శాంతయ్యే అనుకొని వకీళ్లిద్దరు, నేను తలుపు తీయకుంట అల్మారా ఎనుక నక్కినం. చప్పుడు ఆగింది. అమ్మయ్య అనుకున్నం.

గడియ సేపటికి తలుపు మళ్ల దడదడలాడింది. "వకీలు సాబూ! దొంగను తెచ్చిన! తీయిండ్రి!"

రేణుకమ్మ గొంతు! ఉరికి తీసిన. ఆమె ఒక చేతిల మూట, మేకగడ్డం. ఇంకో చేతిల బాలస్వామి చెవి.

"ఇందాక కొడితె ఒక్కలు పలుకకపోతిరి. ఇగ వచ్చే సంతకు వస్తననుకొని బండెక్కుతుంటె, ఈ గడ్డపోడు నా మూట గుంజిండు!"

"శాంతయ్యకు పెట్టెతందుకు తెచ్చిన విషం మూట అనుకున్న!" అన్నడు బాలస్వామి.

"విషమా? నా ఫీజురా! నాకు ఇద్దరు వకీళ్లున్నరు, నీ సంగతి చూస్తరు పా అని గుంజుకొచ్చిన!"

మూట విప్పితె మూడు నూర్ల నలభై రూపాయలు. అప్పుడే శాంతయ్య ఇద్దరు హమాలీలతోని దిగిండు. అసలు, మిత్తి చేతిల పడంగనే అప్పు కాయిదం చింపి, అల్మారా దిక్కు ఆశగ చూసి నిట్టూర్చిండు.

"శాంతయ్యా, నీ ప్రాణం కాపాడిన!" అన్నడు బాలస్వామి, చెవి రుద్దుకుంట.

"నా ప్రాణం ఎవని కాడ కుదువ పెట్టిన్రా?" అనుకుంట పోయిండు శాంతయ్య.

నా జీతం నాకొచ్చింది. రేణుకమ్మ మాత్రం కదలలే. "వీని మీద దావా వెయ్యిండ్రి, సారూ!"

అనంతయ్య సారు కలం తీసిండు. నిజాముద్దీన్ సాబు మెల్లగ బాలస్వామి భుజం మీద చెయ్యేసిండు.

"నీకు వకీలున్నడా, బేటా?"

"లేడు సాబ్."

"ఇగ ఉన్నడు. ఫీజు మాత్రం ముందుగాల్నే పెట్టాలె. మళ్ల అప్పు తెచ్చుడు మా తోని కాదు."