పసుపు గీతకు రెండు మార్కులు

కారు నడపడానికి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

మరి దేనికి అంటారా? బాగు చేయడానికి. 1966లో తయారైన ఎర్ర కారు ఒకటి పదకొండేళ్లుగా మా గ్యారేజీలో ఉంది. రెండు తలుపులు, వెనక్కి మడిచే బట్ట పైకప్పు. ఈ పదకొండేళ్లలో అది ఎవరినీ గుద్దలేదు. ట్రాఫిక్‌లో ఇరుక్కోలేదు. పోలీసు ఆపి చీటీ రాయలేదు. పెట్రోలు వాసన చూడటమే గానీ కడుపు నిండా తాగిన పాపాన పోలేదు. మిషిగన్ రాష్ట్రం మొత్తంలో ఇంత మర్యాద గల వాహనం మరొకటి ఉంటే చూపించండి!

పైగా అది నాకు నేర్పిన ఓర్పు ఎంతని చెప్పను? ముప్పై ఒక్క సంవత్సరాలు ఎనిమిదో తరగతి పిల్లలకు చరిత్ర చెప్పాను. ఓర్పు గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. తలుపు పిడికి బిగించే స్క్రూ కోసం రెండేళ్లు ఎదురుచూశాక, ఆ ఎనిమిదో తరగతి నాకు వేసవి సెలవుల్లా కనిపించింది.

ఒక స్క్రూకి రెండేళ్లా? ఏదో ఒకటి బిగిస్తే సరిపోదా? ఇలా అడుగుతున్నారంటే మీకు మా పాత కార్ల సంఘం గురించి తెలియదన్నమాట.

మా సంఘం ఏటా జూలైలో, హ్యూరాన్ సరస్సుకు పన్నెండు మైళ్ల దూరంలో ఉన్న పార్కులో ఒక పరీక్ష పెడుతుంది. రాసేది కారు, వణికేది మేము. మొత్తం నాలుగు వందల మార్కులు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు కారు ఎలా ఉందో ఇప్పుడూ అచ్చం అలాగే ఉండాలి. అంతకన్నా చెడ్డగా ఉంటే మార్కులు పోతాయి. అంతకన్నా బాగున్నా పోతాయి. మూడు వందల తొంభై దాటితే ఇత్తడి పలక ఇస్తారు. పరీక్షకులు తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, కర్రకు కట్టిన అద్దాన్ని కారు కిందికి పోనిచ్చి, టార్చిలైటు వేసి చూస్తారు. నన్ను ఏ డాక్టరూ ఏనాడూ అంత శ్రద్ధగా చూడలేదు.

అంతకన్నా బాగున్నా పోతాయన్న మాట నేను మొదట నమ్మలేదు. కారు అడుగు భాగానికి ఎంతో ప్రేమగా, అద్దంలా మెరిసేట్టు రంగు వేసి తీసుకెళ్లాను. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో అడుగున హడావిడిగా రంగు కొట్టేవారట. అది కారి, అక్కడక్కడా బొట్లు బొట్లుగా గడ్డకట్టేదట. నా కారుకు ఒక్క బొట్టు కూడా లేదు. ఆరు మార్కులు కోసి, పక్కన కారణం రాశారు: అతి శుభ్రత. ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లల మార్కులు కోసినవాణ్ణి నేను. చేతిరాత ముత్యాల్లా ఉందని ఒక్కరికైనా కోశానా?

ఇంటికి వచ్చి రంగు కార్చడం నేర్చుకున్నాను. నాలుగు వారాంతాలు పట్టింది. మొదటి బొట్టు మరీ కవిత్వంలా వచ్చింది, గీకేశాను. రెండోదానిలో కష్టపడిన ఛాయలు కనిపించాయి. ఎనిమిదోది కుదిరింది: సోమవారం పొద్దున, పని మీద మనసు లేని మనిషి కార్చినట్టు. దాన్ని ఫొటో తీసి దాచుకున్నాను.

నా భార్య వాండా తండ్రి కాజిమిర్‌కు ఈ బొట్ల మీద వేరే అభిప్రాయం ఉంది. ఆయనకు ఎనభై నాలుగేళ్లు. మాకు మూడిళ్ల అవతల ఉంటారు. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఒక చేత్తో మడత కుర్చీ, ఇంకో చేత్తో ఫ్లాస్కు పట్టుకుని మా గ్యారేజీకి వచ్చి కూర్చుంటారు. ఆయన అభిప్రాయాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఎందుకంటే ఈ కారు తయారైన ఫ్యాక్టరీలో, ఆ సంవత్సరంలోనే, ఆ లైన్లోనే ఆయన పనిచేశారు. కారు తన ముందుకు రాగానే బ్రేకు గొట్టాలు బిగిశాయో లేదో చూసి, ఇంజిన్ వెనక రేకు మీద పసుపు క్రేయాన్‌తో ఒక గీత గీయాలి. చూశాను అని గుర్తు. తొమ్మిదేళ్లు అదే పని.

ఆ గీతకు కూడా మార్కులున్నాయి. రెండు.

"ఏం వెతుకుతున్నావు మాస్టారూ, భూతద్దం పెట్టుకుని?" అని అడిగారు ఒక రోజు.

"ఆ పసుపు గీత ఎంత పొడవుండాలో చూస్తున్నాను మామయ్యా. పాత ఫొటోలు దొరికాయి."

"గీసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఫొటోలు చూస్తున్నావా?"

"మీకు గుర్తుందా మరి?"

"ఎందుకుండదు? భోజనానికి ముందు పొడుగ్గా, భోజనం అయ్యాక పొట్టిగా. శుక్రవారం సాయంత్రమైతే కొన్నిటికి గీయనే లేదు. ఈ సంగతి మీవాళ్లకు మాత్రం చెప్పకు. వెళ్లి ఆ కార్లన్నిటికీ మార్కులు తగ్గిస్తారు."

కాస్సేపు కాఫీ తాగి మళ్లీ అన్నారు, "తొమ్మిదేళ్లు ఈ కార్లు నా ముక్కు ముందు నుంచే పోయాయి. పైకప్పు తీసిన కారులో ఒక్కసారీ ఎక్కింది లేదు. నువ్వు ముందు ఎక్కిస్తావో, పైవాడు ముందు ఎక్కించుకుంటాడో చూద్దాం."

"పలక రానివ్వండి మామయ్యా. మొదటి షికారు మీదే."

ఇక ఆ కప్పు సంగతి. దాన్ని మడిస్తే వెనక ఉన్న ప్లాస్టిక్ కిటికీ మీద ముడత పడుతుంది. ముడతకు మూడు మార్కులు. కాబట్టి కప్పు తెరుచుకునే కారును కప్పు తెరవకుండా కాపాడుకోవాలి. దీని లాభాలు చూడండి! ఎండ తగలదు. జుట్టు చెదరదు. సీటు మీద ఎవరైనా కూర్చుంటే గుడ్డ సాగుతుంది, అందుకని ఎవరూ కూర్చోరాదు. నేనైనా బూట్లు విప్పి, సీటు అంచు మీద అతిథిలా ఒదిగి, ట్రైలర్ మీదికి ఎక్కించడం, దించడం. పెళ్లికొడుకును పల్లకిలో తీసుకెళ్లినట్టు తీసుకెళ్లి, అలాగే ఇంటికి తెచ్చుకోవడం. మా సంఘంలో గేలార్డ్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన కారు టైర్లలో ఉన్నది 1957 నాటి గాలేనట. ఎవరైనా టైరు దగ్గరికి వస్తే ఆయన ఊపిరి బిగబడతాడు. ఇంత నిష్ఠ ఏ మఠంలో ఉంది?

వాండా ఆదివారాలు గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి "అయిందా?" అని అడిగేది.

"ఇంకా లేదు" అనేవాణ్ణి.

"నడుస్తోంది కదా. సరస్సు దాకా వెళ్లి వచ్చేద్దాం."

"గడియారం రావాలి. లోపల బిగించేది."

"నా చేతికి ఉందిగా ఒకటి" అని నవ్వి లోపలికి వెళ్లేది.

ఆ గడియారం రెండేళ్ల కిందట మార్చి నెలలో వచ్చింది. వాండా ఫిబ్రవరిలో పోయింది.

గడియారం సరైనదే. నాలుగు మార్కులు.

విషయానికి వస్తాను. ఈ జూలైలో పరీక్షకు బయలుదేరే రోజు పొద్దున, గీత తానే గీస్తానన్నారు కాజిమిర్. క్రేయాన్ ఇచ్చాను. రేకు మీద ఇలా పెట్టి అలా లాగేశారు, రెండు సెకన్ల పని. యాభై ఎనిమిదేళ్ల తర్వాత అదే చెయ్యి, అదే రేకు. ఇంతకన్నా అసలైన గీత అమెరికాలో మరే కారుకూ ఉండదని నేను దారి పొడుగునా పొంగిపోయాను.

మా కారును పరీక్షించడానికి వచ్చినాయన పేరు ప్రెంటిస్. ఒకప్పుడు పళ్ల డాక్టరు. బానెట్ ఎత్తించి, నోరు తెరిచిన రోగిని చూసినట్టు చాలాసేపు లోపలికి చూసి, పెదవి చప్పరించాడు.

"ఈ గీత తప్పండీ. కుడి వైపు వాలి ఉండాలి. ఇది ఎడమ వైపు వాలింది. రెండు మార్కులు."

"అబ్బాయ్, అది నేను గీశాను" అన్నారు కాజిమిర్.

"ఎవరు గీసినా తప్పు తప్పేనండీ."

"ఇవాళ సంగతి కాదయ్యా. అప్పుడూ నేనే గీశాను, ఫ్యాక్టరీలో. నాది ఎడమ చేతి వాటం."

ప్రెంటిస్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. "ఎడమ చేతి వాటం గురించి ఇందులో లేదండీ."

"ఆ పుస్తకం ఎవరు రాశారు?"

"మా కమిటీ."

"మీ కమిటీలో ఆ లైన్లో నిలబడినవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"అలా కాదు పెద్దాయనా, దేనికైనా రుజువు ఉండాలి కదా."

"రుజువు నీ ఎదురుగానే నిలబడింది. నెలనెలా పింఛను కూడా తీసుకుంటోంది."

ప్రెంటిస్ మంచివాడే. చాలా బాధపడుతూ రెండు మార్కులు కోశాడు. అయినా మొత్తం మూడు వందల తొంభై ఒకటి వచ్చాయి. పలక వచ్చేసినట్టే! మూడు గంటలకు ఇస్తారు. ఆ లోపల కారు చోటు నుంచి కదిలితే మాత్రం పేరు కొట్టేస్తారు. అప్పుడు టైము పన్నెండున్నర.

"గెలిచాం మామయ్యా" అన్నాను.

"అయితే ఇంటికెళ్లాక ఎక్కిస్తావా?"

నా చెయ్యి జేబు మీదికి పోయింది. పలక వచ్చిన కార్లకు సెప్టెంబరులో ఒహాయోలో ఇంకా పెద్ద పరీక్ష ఉంది. దాని దరఖాస్తు అప్పటికే నా జేబులో ఉంది. కాజిమిర్ నా మొహం చూశారు, తర్వాత నా జేబు చూశారు.

"మా అమ్మాయికీ ఇలాగే చెప్పావు" అన్నారు. గొంతులో కోపం లేదు. "తొమ్మిదేళ్లు అడిగింది. నేను కుర్చీలో కూర్చుని అంతా విన్నాను. ఒక్కసారి తీసుకెళ్లరా అని నేనూ అనలేదు. గీతల మీద జోకులేసుకుంటూ కూర్చున్నాను. కాబట్టి తప్పు నీ ఒక్కడిదే అనను."

ఆ తర్వాత నేను చేసిన పనిని పాఠకులెవరూ అనుకరించవద్దని మనవి.

అద్దం పైన ఉన్న రెండు కొక్కేలు విప్పి, కప్పును రెండు చేతులతో వెనక్కి తోశాను. ప్లాస్టిక్ కిటికీ పెళపెళమంటూ ముడత పడింది. పక్క కారు కింద పడుకున్న ప్రెంటిస్ ఆ చప్పుడికి బయటికి పాకి వచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"బయటికి వెళ్తున్నామండీ" అన్నాను.

పక్క తలుపు తెరిచి పట్టుకున్నాను. కాజిమిర్ ముందు సీటును వంచి, బూట్లతోనే, మోకాళ్లను తిట్టుకుంటూ వెనక సీటులోకి దిగారు.

"అక్కడ ఇరుకు మామయ్యా. ముందు కూర్చోండి."

"అది మా అమ్మాయి సీటు" అన్నారాయన. "పోనియ్యి."

పోనిచ్చాను. గేలార్డ్ టోపీ ఊపుతూ కొంత దూరం మా వెంట పరుగెత్తాడు. ఆపడానికో, సాగనంపడానికో తెలియలేదు. పార్కు గేటు దాటి, దారిలో ట్యాంకు నింపించి, సరస్సు రోడ్డు ఎక్కేసరికి గాలి ఒక్కసారిగా వచ్చి మీద పడింది. వెనక నుంచి కాజిమిర్ లెక్క మొదలెట్టారు.

"అద్దం మీద పురుగు. ఒకటి."

"చూశాను."

"రెక్కలు పెద్దవి. ఒకటిన్నర వెయ్యి. గులకరాయి తగిలింది, విన్నావా? రెండు."

"ఆ రంగుకు మూడేళ్లు పట్టింది మామయ్యా."

"అయితే మూడు."

నేను పరీక్ష పేపర్లు దిద్దినంత కాలంలో మార్కులు పోతుంటే నవ్విన మనిషిని చూడలేదు. ఇప్పుడు ఇద్దరిని చూశాను, అందులో ఒకడు అద్దంలో ఉన్నాడు. నాలుగు మైళ్లు వెళ్లామో లేదో, చినుకులు పడ్డాయి. కారు పక్కకు తీయబోయాను.

"ఎందుకు ఆపుతావు?"

"కప్పు ఎత్తాలి."

"దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. నేను ఎత్తను."

చినుకులు వానయ్యాయి. ఊరి మొదట్లో సిగ్నల్ దగ్గర ఆగితే, గొడుగు పట్టుకుని రోడ్డు దాటుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి జాలిపడింది.

"అయ్యో, మీ కప్పు పాడైపోయిందా?"

"లేదమ్మా," అన్నారు కాజిమిర్, తల మీది నీళ్లు తుడుచుకుంటూ. "ఇవాళే బాగైంది."

సరస్సు దగ్గర అరగంట ఆగాం. ఎవరమూ దిగలేదు. నా పక్కన ఖాళీగా ఉన్న సీటు మీద కూడా వాన మా మీద పడినట్టే పడింది. తుడవడానికి నా దగ్గర పొడి గుడ్డ ఉంది గానీ, తుడవలేదు.

నష్టాల జాబితా ఇది. పలక పోయింది. సంఘంలో నా పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పడింది. కార్పెట్ ఎండడానికి తొమ్మిది రోజులు పట్టింది. కారు ప్రస్తుత విలువ, నా అంచనా ప్రకారం, మూడు వందల పది మార్కులు. తిరిగిన కొద్దీ ఇంకా తగ్గుతోంది. ఒహాయో దరఖాస్తు వెనక కాజిమిర్ మేము చూడాల్సిన ఊళ్ల పేర్లు రాశారు, ఎడమ చేత్తో.

కారు తీస్తే ఎంత అనర్థమో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంకా అనుమానం ఉన్నవారు ఏ పొద్దునైనా మా ఇంటికి రండి, దగ్గరుండి చూపిస్తాను. వాన పడుతున్నా పరవాలేదు. వెనక సీటులో కాజిమిర్ పక్కన ఒకరికి చోటుంది. ముందు సీటు మాత్రం అడగకండి.