బెరడు పురుగు మీసానికి పదకొండు కణుపులు

చెట్టు చస్తే చావనీ, పురుగు ఎవరో తేలడం ముఖ్యం. ఈ మాట నేను నిండు మనసుతో అంటున్నాను. కోపం వచ్చేవాళ్లకు రానివ్వండి.

మన జనానికి ఈ మధ్య విశ్వాసం లేకుండా పోయింది. చెట్టుకు పురుగు పట్టిందని వెనకటి రోజుల్లో ఆఫీసుకు పోతే ఏం చేసేవాళ్లు? ఏదో ఒక మందు చీటీ రాసి పంపేవాళ్లు. ఆ పురుగు ఎవరు, దాని మీసం ఎంత అని అడిగిన పాపాన పోయారా? లేదు! ముక్కూ మొహం తెలియని ప్రాణిని మందు కొట్టి చంపించారు. ఎంత మోటుతనం!

ఇప్పుడు అలా కాదు. ముందు గుర్తింపు. ఆ తర్వాతే మందు. ఇందువల్ల ఎంత మేలు జరిగిందో చెప్పడానికి చంద్రవ్వ సంగతి ఒక్కటి చాలు.

చంద్రవ్వది పెద్దేముల్ పక్క పల్లె. రోడ్డు దిగి వాగు దాటితే ఆమె మామిడితోట. తోట అంటే మరీ పెద్దదనుకోకండి. పంతొమ్మిది చెట్లు. కాపురానికి వచ్చిన ఏడాది కుండలతో నీళ్లు మోసి పెంచింది. ఆ ఇంట్లో ఇప్పుడు పొయ్యి వెలిగేది ఆ కాయలతోనే. పోయిన ఎండాకాలం నుంచి ఆ చెట్లు ఒక్కొక్కటే వాడిపోతున్నాయి. ఉగాదికి మూడు పోయాయి. నాలుగోదాని బెరడు గోటితో లాగితే అట్టలాగా ఊడి వచ్చింది. కింద చూస్తే పురుగులు! నువ్వుగింజ కంటే కాస్త పొడుగు. కందిపొట్టు అంత పలచన.

చంద్రవ్వ పన్నెండు పురుగుల్ని ఖాళీ టానిక్కు సీసాలో వేసింది. షేర్ ఆటోలో తాండూరు వచ్చి, రైలెక్కి వికారాబాద్‌లో దిగింది.

అక్కడి ఉద్యానశాఖ ఆఫీసులో హర్షవర్ధన్ అని ఓ చిన్న వయసు సారు ఉన్నాడు. మంచివాడు. వెటకారం కాదు, నిజంగానే మంచివాడు. కూర్చోమని కుర్చీ కూడా వేశాడు.

"సారూ, నా మామిడి చెట్లు సస్తున్నయ్. జరొచ్చి సూడున్రి," అంది చంద్రవ్వ.

"చెట్ల సంగతి తర్వాత అవ్వా. ముందు పురుగు ఏందో తేలాలె. దీని మీసాలకు కణుపులు ఎన్ని ఉన్నయో లెక్కపెట్టినవా?"

"చెట్లయితే లెక్కవెట్టిన సారూ. పందొమ్మిదిట్ల మూడు పోయినయ్, ఒకటి పోనీకె తయారున్నది."

సారు లక్షణాల పట్టిక తీశాడు. ముప్పై రెండు ప్రశ్నలు! ఒళ్లు గుండ్రమా, బల్లపరుపా? మెడ అంచున పళ్లు ఉన్నాయా? రెక్కల తొడుగుల మీద గీతలు ఎన్ని? వెనక కాలి పాదానికి కణుపులు నాలుగా, అయిదా? అయ్యా, నా ఎనభై ఏళ్లలో నన్ను ఇంత శ్రద్ధగా ఏ డాక్టరూ చూడలేదు. పుడితే పురుగై పుట్టాలి!

పట్టికతో పాటు ఒక ఫారం కూడా ఇచ్చాడు. నింపి తెమ్మన్నాడు. చంద్రవ్వ ఇంటికి పట్టుకుపోతే, పది దాకా చదివిన బిడ్డ జ్యోతి కూర్చుని నింపింది. పురుగు దొరికిన చోటు, రంగు, పొడవు, అన్నీ రాసింది. తర్వాత 'కుటుంబం' అని ఉంది. 'ముగ్గురం. మొగులప్ప, చంద్రవ్వ, జ్యోతి' అని గుండ్రంగా రాసింది. దాని కింద 'ప్రజాతి' అని ఉంది. పిల్ల చాలాసేపు ఆలోచించింది. 'ప్ర' అచ్చుతప్పయి ఉంటుందనుకుంది. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు తీయించి ఫారానికి పిన్ను కొట్టింది.

మొగులప్ప చంద్రవ్వ పెనిమిటి. ఫారం మొత్తం చదివించుకుని విన్నాడు.

"కుటుంబం అడిగిండ్రు, జాతి అడిగిండ్రు, పొడుగు అడిగిండ్రు, రంగు అడిగిండ్రు. ఏమే, నువ్వు మందుకు పోయినవా, పురుగుకు సంబంధం జూడనీకె పోయినవా?"

"నిన్ను జూసినప్పుడు మావోళ్లు గిన్ని అడిగుంటే నేను బతికిపోతుంటి," అంది చంద్రవ్వ.

ఆ ఫారం తిరిగొచ్చింది. కుటుంబం అంటే పురుగు కుటుంబమట. ప్రజాతి అంటే ఆ కుటుంబంలో ఒక ఇంటిపేరు లాంటిదట. ఇది తెలుసుకునే లోపల ఇంకో రెండు చెట్లు పోయాయి. పోతే పోనీ! ఆ ఇంట్లో మూడు ప్రాణాలకు విజ్ఞానం వచ్చింది. రెండు చెట్లకు అదేం ఎక్కువ ఖరీదు?

రెండోసారి పోయినప్పుడు సారు తన ఫోనుకు అద్దం బిళ్ల ఒకటి తగిలించి పురుగును దాని కింద పెట్టాడు. మీసం మీద లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దగ్గర ఫ్యాన్ గాలికి పురుగు కదిలింది. మళ్లీ మొదటి నుంచి. చివరికి పదకొండని తేలింది. చివరి మూడు కణుపులూ లావెక్కి గద మాదిరి ఉన్నాయి. అందులో ఒక పురుగుకు ఎడమ మీసం విరిగింది. సంతకం లేని దరఖాస్తు లాగా దాన్ని పక్కన పెట్టేశారు. నిబంధన అంటే నిబంధనే! సీసాలో ఉన్నవి మెత్తబడ్డాయి, ఈసారి కొత్తవి తెమ్మన్నాడు.

తెచ్చింది. మూడోసారి చూసినప్పుడు సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అవ్వా! తొడుగుల మీద తెల్లటి పొలుసులున్నయ్! ఏ పట్టికలో లేదిది. కొత్త ప్రజాతి గావచ్చు! మీ ఊరి పేరే పెట్టచ్చు!"

పక్క సెక్షన్ల వాళ్లు కూడా వచ్చి చూశారు. ఫోటోలు తీశారు. ఊరికి సరైన రోడ్డు లేకున్నా, ఊరి పేరుతో ఒక పురుగు! ఏ ఊరికి దక్కుతుంది ఆ భాగ్యం?

చంద్రవ్వ కూడా వంగి అద్దంలోంచి చూసింది. చూపుడు వేలు నాలుకకు అద్దుకుని పురుగు వీపు మీద రాసింది. పొలుసులు మొత్తం వేలికి అంటుకుని వచ్చాయి.

"పొలుసులు గావు సారూ. బండ పిండి. తాండూరు బండలు కోసే పాలిష్ మిల్లోళ్లు ట్యాంకర్ల దెచ్చి మా తోట పక్క వాగుల పారబోస్తరు. వానకు పొంగి తోట నిండా వస్తది. చెట్టు మొదల్ల సిమెంటు లెక్క గట్టిపడ్డది. గడ్డపార దిగుత లేదు, ఇగ నీళ్లేడ దిగుతయ్?"

సారు మెల్లగా కూర్చున్నాడు.

"శాంపిల్ ఖరాబు చేసినవ్ అవ్వా," అన్నాడు.

చూశారా? చదువు లేకపోతే ఇంతే. ఒక్క వేలితో ఒక కొత్త ప్రజాతిని తుడిచిపారేసింది!

అయినా సారు పట్టు విడవలేదు. వానలు పడ్డాక రిపోర్టు వచ్చింది. పురుగు గుర్తింపు పూర్తయింది. ప్రజాతి పేరు సిల్వానస్. ఎండిన చెట్ల బెరడు కింద చేరి బూజు తిని బతుకుతుంది. బతికున్న చెట్టు జోలికి పోదు. కాబట్టి చెట్ల చావుకు ఈ పురుగు కారణం కాదు. మందు అవసరం లేదు. ఫైలు ముగించడమైనది.

పాఠకులారా, ఆలోచించండి! వెనకటి కాలమైతే ఏమయ్యేది? మందు కొట్టించేవాళ్లు. ఎన్ని అమాయక ప్రాణాలు పోయేవి! మన దగ్గర మనుషులు ఏ తప్పూ చేయలేదని తేలడానికి ఏళ్లు పడుతుంది. పురుగుకు నాలుగే నెలలు! ఇది ప్రగతి కాదా?

ఆ కాగితం తీసుకోవడానికి పోయిన రోజు చంద్రవ్వకు మిగిలినవి ఎనిమిది చెట్లు.

"మంచిదే సారూ. పురుగు తప్పు లేదన్నరు. మరి నా చెట్లనెవలు సంపుతున్నరు?"

"అది ఈ పట్టికల రాదు అవ్వా."

"బండ పిండి అని జెప్తనే ఉన్న గద!"

"పిండి పురుగు గాదు గదా. మా సెక్షన్‌కు పురుగులే వస్తయ్."

"మరి మీరు వచ్చి సూడాలంటే దానికి ఎన్ని కాళ్లుండాలె సారూ?"

సారు పట్టిక వైపు చూశాడట. నేను ముందే చెప్పాను, మంచివాడు. మొదటి ప్రశ్న అదే. 'కాళ్లు ఆరు ఉన్నాయా? లేకపోతే ఇక్కడితో ఆపండి.'

ఆపాడు.

ఇందులో నేను ఎవరినీ తప్పు పట్టను. తప్పంతా ఆ పిండిదే. దానికి కాళ్లు లేవు. మీసాలు లేవు. రెక్కల తొడుగులు లేవు. గుర్తించమంటే ఎవరు మాత్రం ఎలా గుర్తిస్తారు? దానికున్నదల్లా ఒక ట్యాంకరు, ఆ ట్యాంకరుకు ఒక నంబరు, ఆ నంబరుకు ఒక ఓనరు.

ఆ లక్షణాల గురించి పట్టికలో ఏమైనా అడిగారేమోనని, ముప్పై రెండు ప్రశ్నలూ కూడబలుక్కుని నేనే చదివాను. ఎక్కడా అడగలేదు.