పియానో మూత కింద మైకు

ఆ శనివారం పొద్దున మందుల షాపాయన షాపు తెరవలేదు. సంచీలో ఒక చిన్న మైకు, గాయాలకు వేసే టేపు చుట్ట, ఇంట్లో నీళ్ల పంపు బిగించే రెంచీ వేసుకుని దొంగలా స్కూలు హాల్లోకి దూరాడు. సాయంత్రం అక్కడే వాళ్ల పాత రాక్ పాటల బృందం కచేరీ. ఆరేళ్లుగా ఆయన అందులో పియానో వాయిస్తున్నాడు. ఆరేళ్లుగా ఆ పియానో ఎవరికీ వినపడలేదు. కారణం బావమరిది. ఆయన పళ్ల డాక్టరు. పళ్లు పీకించుకునేవాళ్ల కేకలకు చెవులు అలవాటుపడ్డాయో ఏమో, గిటారు చేతికొస్తే శబ్దం పెంచడమే తప్ప తగ్గించడం తెలియదు.

దగ్గుమందుకు వచ్చినవాళ్లను కూడా షాపాయన వదిలేవాడు కాదు. "గిటారు అరుస్తుందండీ, పాటని మోసేది పియానో. ఎడమచెయ్యి డ్రమ్ములతో కలిసి పరిగెడుతుంది, కుడిచెయ్యి పాడేవాళ్లతో పోట్లాడుతుంది. నెమ్మది పాటైతే, పియానో మీద నాలుగు మెట్లు పడగానే హాలంతా నోరు మూసుకుంటుంది" అని పాఠం చెప్పేవాడు. వాళ్లు తలూపి, దగ్గుకుంటూ వెళ్లిపోయేవారు. అదీ ఓర్చుకున్నాడు. కానీ కిందటి వారం భార్య అమాయకంగా, "అవునూ, స్టేజీ మీద ఆ మూల కూర్చుని మీరు టైపు చేస్తుంటారా?" అనేసరికి ప్రాణం చివుక్కుమంది. ఈరోజు ఆవిడ చెవిన తన పియానో పడి తీరాలి.

మూత ఎత్తి, మైకును లోపల టేపుతో అంటించాడు. దాని వైరు తీసుకెళ్లి సౌండు పెట్టె వెనక గుచ్చాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఎడమ పక్క లావు తీగ ఒకటి శ్రుతి తప్పినట్టనిపించి రెంచీతో బిగించాడు. అది ఠంగుమని తెగింది. పక్కదాన్ని సరిచేయబోతే అదీ తెగింది. ఆ రెండు మెట్లూ నొక్కితే ఇక 'టిక్' మని చెక్క చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

బతిమాలగా వచ్చిన పియానో మెకానిక్ లోపలికి తొంగిచూసి నుదురు కొట్టుకున్నాడు. "పంపు రెంచీతోనా? ఇవి పాత తీగలు సార్, ఇక బిగిస్తే వరసగా పోతాయి. అన్నింటినీ అర శ్రుతి దించేస్తాను. మీవాళ్లనీ దించుకోమనండి."

"పియానో కోసం వాళ్లు దిగుతారా?"

"గిటారుకి ఆరు తీగలు. దీనికి రెండొందల పైచిలుకు. ఎవరు ఎవరి దగ్గరికి రావాలి?"

స్కూలు పియానో పాడుచేశానని చెప్పుకోవడానికి షాపాయనకు నోరు రాలేదు. బావమరిదికి ఫోన్ చేసి, "చెల్లెమ్మ గొంతు కాస్త బొంగురుపోయినట్టుంది. పాటలన్నీ అర శ్రుతి దించుదాం" అన్నాడు. చెల్లెమ్మంటే బావమరిది భార్య. బృందంలో పాడేది ఆవిడే.

పళ్ల డాక్టరుకు భార్యంటే ప్రాణం. పరుగున ఇంటికెళ్లి, మెడకు మఫ్లరు చుట్టి, ముక్కు కింద ఆవిరి గిన్నె పెట్టి, "మాట్లాడకు. పై స్వరాలు ఇక నీవల్ల కాదు, దించేస్తున్నాం" అన్నాడు. ఆవిడ మఫ్లరు తీసి ఆయన మొహాన కొట్టింది. "నావల్ల కాదా? అయితే మీరే పాడుకోండి!"

సాయంత్రానికి హాలు నిండింది. తెర వెనక పాడే మనిషి లేదు. పళ్ల డాక్టరు గిటారును ఒళ్లో పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. షాపాయన భార్య విసవిసా వచ్చి, భర్తను పియానో దగ్గరికి లాక్కెళ్లింది.

"మా మరదలి గొంతు శుభ్రంగా ఉందండీ. అయినా పాడనని వెనక వరసలో కూర్చుంది. ఈ పుకారు పుట్టించిందెవరు?"

సరిగ్గా అప్పుడే, తెర అవతల సౌండు చూసే మనిషి తన పెట్టెకు తనకు తెలియని వైరొకటి తగిలించి ఉండటం గమనించాడు. ఇదేమిటో చూద్దామని దాని మీట చివరిదాకా తోశాడు.

షాపాయన ఎవరికీ వినపడకూడదని పియానో మూత కిందికి తలదూర్చి గొణిగాడు. "నేనే. తీగలు తెంపిందీ నేనే, చెల్లెమ్మ గొంతు మీద నెట్టిందీ నేనే. ఆవిడ గొంతు బంగారం. నువ్వొక్కసారైనా నా పియానో వింటావని ఆశపడ్డానే! టైపు చేస్తారా అన్నావు చూడు, ఆరోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు."

హాలంతా గొల్లున నవ్వింది. ఎందుకో ఇద్దరికీ అర్థమయ్యేలోపే తెర తొలగింది. ముందు వరసలో హెడ్‌మిస్ట్రెస్ ఒక్కరే నవ్వలేదు. "కొత్త తీగలు వేయించండి. ఈ ఏడాదంతా రోజూ పొద్దున్నే వచ్చి మా పిల్లలకు వాయించండి కూడా" అంది.

వెనక వరసలోంచి చెల్లెమ్మ చకచకా స్టేజీ ఎక్కింది. "పాడతాను అన్నయ్యగారూ. మీ కోసం అర శ్రుతి దిగుతాను. కానీ మా ఆయన గిటారు శబ్దం సగానికి దిగాలి." పళ్ల డాక్టరు ఆవిడ మొహం చూసి గిటారు శబ్దం సగానికి తగ్గించాడు.

నాలుగు మెట్లు పడ్డాయి. హాలు నిజంగానే నోరు మూసుకుంది. ఎడమచెయ్యి పరిగెత్తింది, కుడిచెయ్యి పాటతో పోట్లాడింది. పాట ముగిశాక జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే షాపాయన కళ్లు చెమర్చాయి. ఆయన చూస్తున్నది మాత్రం భార్య వైపే.

కచేరీ అయ్యాక ఆవిడ ఆయనతో కలిసి ఇంటికి నడిచింది. గేటు దగ్గర ఆగి, "చాలా బాగా వాయించారండీ" అంది. ఆయనకు కడుపు నిండిపోయింది.

"ఆ టైపు చేసిన రెండు చోట్లా తప్ప" అని ఆవిడ గేటు తీసింది.