ఐదువందలకు ఒక్కరు తక్కువ

"ఐదువందల మంది లేని ఊరు ఊరే కాదు, ఉత్త ఇళ్ళ గుంపు!" అని పైఅధికారులు తేల్చేశారు. లెక్క తగ్గితే మా ఊరిని పక్క ఊళ్ళో కలిపేస్తారు. కలిపితే మా ప్రెసిడెంటుగారి కుర్చీ, నా ఒంటిమాస్టారి బడి ఒకే రోజున ఎగిరిపోతాయి. అందుకని జనాభా లెక్కలు రాసే మహత్తర బాధ్యతను నేను ఎంతో నిష్పక్షపాతంగా స్వీకరించాను.

ఇల్లిల్లూ తిరిగి రాస్తే నాలుగువందల డెబ్భై ఒకటి తేలింది.

"ఇదేం లెక్క మాస్టారూ!" ప్రెసిడెంటుగారు కాగితం విసిరికొట్టారు. "ఉన్నవాళ్ళని మాత్రమే రాస్తే ఎలా?"

"లేనివాళ్ళని రాస్తే తనిఖీలో దొరికిపోతామండీ."

"అయితే ఉండేలా చేద్దాం!"

మర్నాటి నుంచి ఊళ్ళోకి జనం దిగడం మొదలెట్టారు. టైలరు తన బావమరిదిని పెళ్ళాంబిడ్డలతో సహా రప్పించాడు. ఇద్దరికీ పదేళ్ళుగా మాటల్లేవు. అయినా ఊరి కోసం ఒకే మంచం మీద చెరోవైపు తిరిగి పడుకున్నారు! నర్సమ్మ ముగ్గురు నిండు చూలాళ్ళ కడుపుల్లో ఉన్నవాళ్ళని కూడా రాసుకోమంది. పుట్టాక చూద్దామన్నాను, నాకూ కొన్ని నియమాలున్నాయి. ప్రెసిడెంటుగారింట్లో అయితే అత్తవారి వైపు నుంచి పదహారు మంది దిగారు. వాళ్ళకి మూడు పూటలా వేడివేడిగా విస్తళ్ళు పడ్డాయి. రోజూ అక్కడే భోంచేస్తూ నేను లెక్క సరిచూశాను.

కొత్తజనం ఇరవై తొమ్మిది. మొత్తం ఐదువందలు, పక్కా!

తీరా తనిఖీ రోజు పొద్దున్నే టైలరు బావమరిదికి పాత గొడవ గుర్తొచ్చింది. పెళ్ళాంబిడ్డల్ని ఇక్కడే వదిలేసి మొదటి బస్సెక్కాడు.

తనిఖీ అధికారి తలలన్నీ లెక్కపెట్టుకుంటూ చివరికి ప్రెసిడెంటుగారి హాల్లో కూర్చున్నాడు.

"నాలుగువందల తొంభై తొమ్మిది. ఇంకెవరూ లేరా?"

ప్రెసిడెంటుగారి మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. "లేరండీ."

"మరి లోపల ఆ అంట్లు తోముతున్న చప్పుడు?"

"అబ్బే, ఎవరూ లేరండీ. మా పిన్ని, అంతే."

అన్నాక ఆయనకే వెలిగింది. "పిన్ని!" అని ఒక్క గెంతు గెంతారు. "రాయండి సార్, రాయండి! మా అమ్మ తర్వాత అమ్మ! ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంటికి ఆవిడే దిక్కు!"

"పేరు?"

ప్రెసిడెంటుగారు భార్య వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసింది. ఆరేళ్ళుగా ఆ చేతి అన్నం తింటున్న నేను కాగితాల్లోకి చూశాను. నిజంగా సిగ్గేసింది.

తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆవిడే హాల్లోకి వచ్చింది.

"నన్ను రాసేశారు నాయనా. పోయిన నెల పక్కూళ్ళో మా చెల్లెలింటికి వెళ్ళాను కదా, అక్కడ లెక్కలు రాసే అమ్మాయి 'మిమ్మల్ని ఎక్కడా రాయలేదా అమ్మా?' అని అడిగింది. లేదన్నాను. ఇకమీదట అక్కడే ఉంటానని చెప్పి రాయించుకున్నాను. ఈ అంట్లయ్యాక బయల్దేరుతున్నా."

"అయ్యో పిన్నీ! ఊరు మునిగిపోతుందే! పోనీ, నీ పేరన్నా చెప్పు!"

"తొందరేముంది? ఎలాగూ రెండూళ్ళూ కలిపేస్తారుగా. అప్పుడు వాళ్ళ పుస్తకంలో వెతుక్కో."